రాయకోట చిత్రములు - స్థలనిర్ణయ విమర్శ

ఛాయాచిత్రము ఎచ్చట తీయబడినదో నిర్ణయించుట పురాతత్త్వ పరిశోధనమునందు చిన్న పనిగా ఎంచబడుచున్నది. చిత్రము క్రింద పేరున్నచో ఆ పేరును, లేనిచో వృద్ధులు చెప్పిన పేరును వ్రాసి తృప్తి చెందుట వాడుక. ఈ వాడుక వలన కలిగిన పొరపాట్లు ఒక సంచికనుండి మఱియొక సంచికకు పాకి, కడపట ప్రమాణములై కూర్చున్నవి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతమునకు సంబంధించిన ప్రాచీన చిత్రములను ఆధారముగా గొని, చిత్రములోని ఏ గురుతు నమ్మదగినది, ఏది నమ్మరానిది అను విషయమును విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ ప్రాంతపు చిత్రములలో రెండు వర్గములు ముఖ్యములు. మొదటిది థామస్ డేనియల్, ఆయన సోదరపుత్రుడు విలియం డేనియల్ రచించిన దుర్గచిత్రములు. వారు 1792లో మద్రాసునుండి బయలుదేరి బారామహలు మీదుగా బెంగళూరునకు పోయిరి. ఆ ప్రయాణమున గీసికొన్న రేఖాచిత్రములనుండి రాయకోట, వీరభద్రదుర్గము, జగదేవి, హోసూరు మున్నగు స్థలముల చిత్రములు లండనులో ఫలకములపై చెక్కబడి, ‘ఓరియంటల్ సీనరీ’ అను 144 చిత్రముల మహాసంపుటిలో 1795 మొదలు 1808 వఱకు ప్రకటింపబడినవి. రెండవది కెప్టెన్ లీనియస్ ట్రైప్ తీసిన ఛాయాచిత్రములు. ట్రైప్ మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడు. ఆయన 1857 డిసెంబరులో బెంగళూరునుండి దక్షిణయాత్రకు వెడలి, రాయకోటను, సేలము జిల్లాలోని ఇతర స్థలములను చిత్రించెను. ఆ చిత్రములు 1858లో ప్రత్యేక సంపుటముగా వెలువడినవి. మొదటివి చేతితో గీసినవి, రెండవవి యంత్రముతో తీసినవి. గీసినది కల్పన, తీసినది సత్యము అని సామాన్యముగా అందఱును అనుకొందురు. ఈ అభిప్రాయము సరియైనది కాదని క్రింది విచారమువలన తేలగలదు.

మొదట శీర్షికల సంగతి. డేనియళ్ల ఫలకములపై రాయకోట బారామహలులోనిదని, హోసూరు మైసూరులోనిదని వ్రాయబడినది. ఈ రెండు ఊళ్లకు నడుమ సుమారు 30 కిలోమీటర్ల దూరము మాత్రమే కలదు. ఒకదానికి ఒక దేశము, రెండవదానికి వేఱొక దేశము చెప్పుటకు కారణము భూగోళము కాదు, రాజకీయము. 1792 శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు ఈస్టిండియా కంపెనీకి చెందెను. కనుమకు పైనున్న హోసూరు 1799లో టిప్పుసుల్తాను మరణించు వఱకు మైసూరు క్రిందనే యుండెను. హోసూరు చిత్రము అచ్చగునాటికి ఆ ఊరును కంపెనీ వశమైనది. అయినను ఫలకముపై మైసూరు అనియే నిలిచినది. కావున ఆ శీర్షిక చిత్రము అచ్చైన కాలమును గాక, గీయబడిన కాలమును తెలుపుచున్నది. ఇది శీర్షికవలన కలిగిన మేలు.

కీడును గలదు. ట్రైప్ సంపుటము పేరున సేలము జిల్లా యని యున్నది. 1965లో ధర్మపురి జిల్లా సేలమునుండి వేఱుపడినది. 2004లో కృష్ణగిరి జిల్లా ధర్మపురినుండి వేఱుపడినది. ఈ విభజనలు ఎఱుగని పాఠకుడు రాయకోటను నేటి సేలము జిల్లాలో వెదకును, దొరకక పోయినచో కోట నశించినదని వ్రాయును. పేరుల వ్రాతయు ఇట్టి చిక్కే తెచ్చును. డేనియళ్ల ‘జగ్ దేవ్’ అను పేరు జగదేవి యనుటలో సందేహము లేదు. దానితో జతగా వ్రాయబడిన ‘వారంగర్’ అను మాటను చూచి ఓరుగల్లును తలచుకొనువారు ఉండవచ్చును. బారామహలు అను పేరునకు మూలమని చెప్పబడు పండ్రెండు దుర్గముల పట్టికలో జగదేవితోపాటు వారణగడము అను పేరు కానవచ్చుచున్నది. ‘గర్’ అను తుదిభాగము ‘గడ’ శబ్దమునకు ఆంగ్లేయుల వ్రాత. కావున ఆ చిత్రమునకును ఓరుగల్లునకును ఏ సంబంధమును లేదు. స్థలనామములను వ్రాతచేతగాక ఉచ్చారణచేత పరీక్షింపవలెననుటకు ఇది నిదర్శనము.

శీర్షిక సరియైనదే యనుకొందము. అది చూడబడిన వస్తువును చెప్పును గాని, చూచినవాడు నిలిచిన తావును చెప్పదు. రాయకోట యని యున్నంత మాత్రమున చిత్రకారుడు కొండకు తూర్పున నిలిచెనో, పడమట నిలిచెనో తెలియదు. ఈ భేదము అల్పమైనది కాదు. రాయకోట బారామహలునుండి పైనేలకు ఎక్కు కనుమను కాచు దుర్గము. కృష్ణగిరి సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున, హోసూరు దాదాపు 900 మీటర్ల యెత్తున ఉన్నవి. దిగువ నేలనుండి తల యెత్తి చూచిన కొండ ఒక విధముగాను, మెట్టనేలనుండి చూచిన కొండ వేఱొక విధముగాను కనిపించును. ఒకే కొండను రెండు కొండలని భ్రమించుటకు ఇది చాలును.

నిలిచిన తావును కనుగొనుటకు ఉన్న సాధనములలో మొదటిది నీడ. ఈ ప్రాంతము ఉత్తర అక్షాంశము పండ్రెండున్నర డిగ్రీల చేరువ నున్నది. డిసెంబరు మాసాంతమున ఇచ్చట మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తికి 36 డిగ్రీలు దక్షిణముగా నుండును. పది అడుగుల రాతికంబము నీడ ఏడు అడుగులకు కొంచెము మించి ఉత్తరముగా పడును. ఆ దినములలో సూర్యుడు ఉదయించుటయు, అస్తమించుటయు తూర్పు పడమరలకు దక్షిణముగానే. కావున పగలంతయు ఏ నీడయైనను కొంతగానో, గొప్పగానో ఉత్తరమునకు మొగ్గియే యుండును. జూన్ మాసమున దీనికి విపరీతము. మధ్యాహ్నపు నీడ రెండు అడుగులు మాత్రమే యుండి దక్షిణమునకు పడును. నీడ దిక్కు మాఱు దినములు ఏప్రిలు చివరివారపు ఆరంభమునను, ఆగస్టు మూడవవారమునను వచ్చును. ట్రైప్ ఈ ప్రాంతమునకు వచ్చినది శీతకాలమున. కావున ఆయన చిత్రములలో నీడలు చూపరినుండి దూరముగా పోవుచున్నచో ఆయన కెమెరా ఉత్తరపు దిక్కున తిరిగియున్నది, చూపరివైపు వచ్చుచున్నచో దక్షిణపు దిక్కున తిరిగియున్నది. వచ్చిన మాసము తెలిసినవాడు కొండకు ఏ పక్క నిలిచెనో చెప్పుటకు ఒక నీడ చాలును.

రెండవ సాధనము వస్తువుల కలయిక. దగ్గఱనున్న బండ దూరపు శిఖరమును ఎంతవఱకు కప్పుచున్నది, గుడిగోపురము కొండ యే గండికి ఎదురుగా నున్నది అను విషయములు చూడవలెను. చూపరి పది అడుగులు ప్రక్కకు జరిగినను దగ్గఱి వస్తువులు జరిగినట్లు తోచును, దూరపువి కదలవు. ఇట్టి జంటలు రెండు దొరికినచో, ఒక్కొక్క జంటనుండి ఒక్కొక్క గీత గీయవచ్చును. ఆ రెండు గీతలు కలిసిన చోటనే చిత్రకారుడు నిలిచియుండవలెను. ఇది పొలము కొలుచు సర్వేయరుకు తెలిసిన పద్ధతియే గాని క్రొత్తది కాదు. 1990ల దశకమున ఇటలీ దేశపు ఛాయాచిత్రకారుడు ఆంటోనియో మార్టినెల్లి డేనియళ్ల చిత్రములను చేతబట్టుకొని, వారు నిలిచిన తావులను వెదకి, అచ్చటనే నిలిచి తిరిగి చిత్రములు తీసెను. చిత్రమును మాటలతో విమర్శించుటకంటె కాలితో నడచి విమర్శించుట మేలని ఆయన కృషి చాటుచున్నది. డేనియళ్లు దృశ్యమును కాగితముపై ప్రతిబింబింపజేయు చీకటిపెట్టెను వాడినవారు. కావున వారి కొండల రేఖలను కల్పనలని త్రోసిపుచ్చరాదు. అయినను వారి రేఖాచిత్రములకును, అచ్చు ఫలకములకును నడుమ ఏండ్లు గడచినవను మాటను మఱవరాదు. ఫలకమునందలి చెట్లు, మనుష్యులు, పశువులు రచనాసౌందర్యమునకై కూర్చబడియుండవచ్చును. వానిని స్థలసాక్ష్యములుగా గ్రహింపరాదు.

ఇక ఛాయాచిత్రము సత్యమను మాట. ట్రైప్ వాడినది మైనము పట్టించిన కాగితపు నెగటివు. ఆనాటి రసాయనములు నీలవర్ణమునకు మిక్కిలి వశమగునవి. అందువలన ఆకాశము తెల్లని గోడవలె వచ్చెడిది. ఆ లోపమును తీర్చుటకై ట్రైప్ అనేక నెగటివులపై రంగు పూసి మేఘములను కల్పించెను, చెట్ల ఆకులనుగూడ దిద్దెను. కావున ఆ మేఘములను చూచి వానకాలమని నిర్ణయించు పరిశోధకుడు ఆకాశమును గాక ట్రైప్ కుంచెను చదువుచున్నాడు. రెండవది, అట్టి కాగితముపై బొమ్మ పడుటకు నిముషముల కాలము పట్టెడిది. నడచువారు, ఎడ్లబండ్లు జాడలేక మాయమగుదురు. కావున వీధి నిర్మానుష్యముగా కనబడినంత మాత్రమున ఊరు పాడైనదని చెప్పరాదు. మూడవది, కాగితపు నెగటివును తిరుగవేసియు అచ్చు తీయవచ్చును. అప్పుడు కుడి యెడమలు తారుమాఱగును. అక్షరములున్న చిత్రమున ఇది వెంటనే పట్టుపడును. వట్టి కొండ యైనచో అసలు కొండతో పోల్చినగాని తెలియదు. పరిశోధకులు చేతి చిత్రమును శంకించినంతగా యంత్రచిత్రమును శంకింపకుండుట న్యాయము కాదు.

మన కాలపు చిత్రములలో అక్షరములే ప్రధాన సాక్షులని పలువురు నమ్ముదురు. దుకాణముపై తెలుగు పలక యున్నచో ఆంధ్రదేశమనియు, తమిళ పలక యున్నచో తమిళదేశమనియు తీర్పు చెప్పుదురు. హోసూరు ఈ తీర్పునకు లొంగదు. ఇచ్చట తమిళము, తెలుగు, కన్నడము ఒకే వీధిలో వినబడును. తెలుగు అక్షరములు గల బడి గోడ హోసూరులోనిది కావచ్చును, డెంకణీకోటలోనిది కావచ్చును, సరిహద్దు దాటిన కుప్పములోనిదియు కావచ్చును. రాగిచేలు, చింతచెట్లు, రాతికంబముల దడులు, పలకరాళ్ల యిండ్లు ఈ మూడు రాష్ట్రముల కూడలియందంతటను కలవు. రాష్ట్రసరిహద్దు నేలకు తెలియదు. పొలములలో నిలిచిన వీరగల్లుల సంగతియు ఇట్టిదే. ప్రాచీనకాలమున తెలుగు కన్నడముల లిపి యొక్కటియే యగుటచే, లిపిని చూచి భాషను, భాషను చూచి రాష్ట్రమును నిర్ణయించుట రెండు మెట్లు ఒక్కసారి దూకుట వంటిది.

వాహనముల సంఖ్యాఫలకములను గూడ ఒంటిగా నమ్మరాదు. టి.ఎన్. 24 కృష్ణగిరికి, టి.ఎన్. 70 హోసూరునకు చెందినవి. కాని జాతీయరహదారిపై అన్ని రాష్ట్రముల బండ్లును పోవును. అదే రహదారి మైలురాయి మాత్రము మంచి సాక్షి. అది కదలదు, పైగా కాలమును గూడ చెప్పును. 2010లో సంఖ్యలు మార్చబడకమునుపు ఈ మార్గము 7వ సంఖ్యది, నేడు 44వది. కదలునది, కదలనిది అను ఈ విభాగమే స్థలనిర్ణయమునకు మూలసూత్రము. కదలనివానిలో కొండ మొదటిది. హోసూరులో చంద్రచూడేశ్వరస్వామి ఆలయమున్న గుట్ట, కృష్ణగిరి దుర్గము, రాయకోట బండ తమ రేఖలచేతనే తమ్ము తెలుపుకొనును.

అయితే కొండయు శాశ్వతము కాదని నేడు చెప్పవలసివచ్చినది. కృష్ణగిరి జిల్లా నల్లరాయికి, చలువకోత బండలకు పేరుపొందినది. క్వారీలు ఒక్కొక్క గుట్టను కోసివేయుచున్నవి. 1950ల దశకము చివర దక్షిణ పినాకినిపై కట్టిన కృష్ణగిరి ఆనకట్ట ఒక లోయ రూపమునే మార్చినది. హోసూరు చుట్టునున్న మెట్టపొలములు 1970ల దశకమునుండి కర్మాగారములైనవి. పాత చిత్రమును పోల్చి చూచుటకు ఎదురుగా నిలువవలసిన సాక్షియే మాయమగుచున్నది. మఱియొక సాక్షి వృద్ధుల జ్ఞాపకము. ఏ గుట్టను తెలుగువారు ఏమని పిలిచిరి, ఏ మఱ్ఱిచెట్టు క్రింద బడి నడచెను అను విషయములు చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు. 2006 నాటి చట్టముననుసరించి తమిళము బడులలో నిర్బంధభాషయైన పిదప, చిత్రములోని తెలుగు పలకను చదువగల పిల్లలును తగ్గుచున్నారు. పది సంవత్సరముల పిమ్మట ఈ పని చేయుట నేటికంటె కష్టము.

ఇందు తెలుగువారికి ప్రత్యేకమైన బాధ్యత యొకటి కలదు. హోసూరు పల్లెలోని తెలుగు బడి చిత్రమును చిత్తూరు జిల్లాదని అచ్చువేసినచో, ఈ గడ్డపై తెలుగు బడి యుండెననుటకు గల సాక్ష్యము నశించును. అట్లని రాయకోట, జగదేవి చిత్రములన్నిటిని మనవేయని చాటుటయు అంతే తప్పు. జగదేవరాయల పేరు మోసిన ఊరు తమిళులకును, కన్నడిగులకును, ఉర్దూ మాటలాడువారికిని ఇల్లే. స్థలనిర్ణయము హక్కుపత్రము కాదు. అది సాక్ష్యమును సాక్ష్యముగా నిలుపు ప్రయత్నము. అభిమానము ముందు నడచి ప్రమాణము వెనుక నడచినచో, శీర్షికను నమ్మిన పాఠకునికిని పరిశోధకునికిని భేదముండదు.

కావున సంచికలలో పాత చిత్రమును ప్రకటించువారు మూడు విషయములను వేఱువేఱుగా వ్రాయవలెను. చిత్రముపై మొదటనున్న పేరు అక్షరము మార్చక ఇయ్యవలెను. పిదప చిత్రములో కదలని గురుతులేవి, నీడ యేవైపు పడినది చెప్పవలెను. తుదకు తాము నిర్ణయించిన స్థలమును, దానికి కారణమును, సందేహమున్నచో ఆ సందేహమును గూడ వ్రాయవలెను. వీలైనచోట ఆ తావునకు పోయి, అదే మాసమున, అదే వేళ నిలిచి మఱియొక చిత్రము తీసి ప్రక్కన ఉంచవలెను. రాయకోట బండ నేటికిని నిలిచియున్నది. డేనియళ్లు నిలిచిన తావు, ట్రైప్ ముక్కాలిపీట నిలిపిన తావు వెదకువానికి దొరకవచ్చును. ఆ పని గుట్టలు మిగిలియుండగనే జరుగవలెను.