పిడి దించితే ఒక తూటా
అమెరికాలో షూటింగ్ పోటీలకు వెళ్లేవాళ్లు చాలామంది పేలిన ఇత్తడి తొడుగులను ఏరి తెచ్చి, గ్యారేజీలోని ప్రోగ్రెసివ్ ప్రెస్‌ మీద మళ్లీ తూటాలు చేసుకుంటారు. డిల్లన్ 550 ప్రెస్‌నే చూడండి: నాలుగు స్థానాలు, నాలుగు తొడుగులు. పిడి దించితే ఒకదాంట్లో తుపాకీ మందును అంటించే పాత ప్రైమర్ ఊడుతుంది, మరోదాంట్లో మందు పడుతుంది, ఇంకోదాంట్లో గుండు కూర్చుంటుంది, చివరిది బిగుసుకుంటుంది. తొడుగులున్న పళ్లెం మాత్రం చేత్తోనే తిప్పాలి.

పిడి దించినప్పుడల్లా ఒక తూటా తయారయ్యే ఆ వేగం గొప్పదే. నాకు మరీ ముచ్చటేసేది వాళ్ల శ్రద్ధ. గుండు పెట్టేముందు ప్రతి తొడుగులోకీ తొంగిచూస్తారు. మందు రెండుసార్లు పడితే తుపాకీయే పగిలిపోవచ్చు. అసలు పడకపోతే గుండు గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. అందుకే అక్కడ టీవీ మోగదు, కబుర్లుండవు. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచి వెళ్తారు. తిరిగొచ్చాక ప్రెస్‌లో ఉన్న తొడుగులన్నిటినీ మొదటినుంచీ చూసుకుంటారు.