పని చేయని అణువుల లెక్క

నేను తయారుచేసే అణువుల్లో చాలావాటికి ఏ జబ్బునూ నయం చేసే గుణం ఉండదు. మెడిసినల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి చేరేవాళ్ళకి ఈ మాట మొదట్లోనే ఎవరైనా చెబితే బాగుండును. పండగకి ఊరెళ్తే పెద్దమ్మ "ఏ రోగానికి మందు కనిపెడుతున్నావే?" అని ఆశగా అడుగుతుంది. "ఒక ప్రొటీన్‌ని పట్టుకుని ఆపే పదార్థం కోసం వెతుకుతున్నాం పెద్దమ్మా" అంటాను. నిజానికి రోజులో ఎక్కువ భాగం శుద్ధి చేయడంతోనే గడుస్తుంది.

రాత్రి రియాక్షన్ పెట్టి వెళ్తాం. పొద్దున రాగానే టీఎల్‌సీ ప్లేటు యూవీ దీపం కింద చూస్తాం. కొత్త స్పాట్ వచ్చిందంటే కాలమ్ పెట్టాలి. గాజు గొట్టంలో సిలికా నింపి, హెక్సేన్‌లో ఇథైల్ అసిటేట్ కొద్దికొద్దిగా పెంచుకుంటూ, కారేదాన్ని పరీక్షనాళికల్లో వరసగా పట్టుకోవాలి. రెండు స్పాట్లు పక్కపక్కనే దిగుతుంటే మధ్యాహ్నం భోజనం సంగతి మరిచిపోవాల్సిందే. ఆపైన రోటావేపర్ మీద సాల్వెంట్ తీసేసి ఎన్‌ఎంఆర్‌కి ఇస్తాం. 2.05, 4.12 దగ్గర పీకులు కనిపిస్తే ఇథైల్ అసిటేట్ ఇంకా పోలేదన్నమాట, మళ్ళీ వాక్యూమ్‌కి పెట్టాలి. దీన్ని చాకిరీ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. కాంపౌండ్ శుద్ధంగా లేకపోతే బయాలజీ ల్యాబు ఇచ్చే అంకెకు విలువే లేదు. పని చేసింది మన అణువో, అందులో మిగిలిన మలినమో ఎవరు చెప్పగలరు?

ఇంత చేసి పంపితే తిరిగొచ్చే జవాబు తరచూ "యాక్టివిటీ లేదు". ప్రాణం ఉసూరుమంటుంది. అయినా ఆ జవాబు మనకి ఎంతో చెబుతుంది. బెంజీన్ వలయం మీద ఒక మూల మెథైల్ చేర్చగానే యాక్టివిటీ పోయిందంటే, ప్రొటీన్‌లో అణువు కూర్చునే చోట అటువైపు ఖాళీ లేదేమోనని అనుమానించవచ్చు. మరో మూల చేర్చినా ఏమీ మారకపోతే, ఆ వైపు బయటికి ఉందేమో, నీటిలో కరిగే గ్రూపు అక్కడ తగిలించి చూడవచ్చు. పని చేయనివి లేకుండా ఈ పటం గీయలేం.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ నాకు ఇందుకే ఇష్టం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. ఆ కోవకు చెందిన పదార్థాలు ఇచ్చిన ల్యుకేమియా పిల్లల్లో జబ్బు తగ్గకపోగా జోరందుకుందని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. మరి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునేది ఇస్తే? ఆ అణువులో ఒకచోట ఆక్సిజన్ తీసి అమినో గ్రూపు పెడితే అమినోప్టెరిన్ అవుతుంది. దానితో కొందరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు అదే ఏడాది కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కి ఒక మెథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ డాక్టర్లు ఇవాళ్టికీ రాస్తున్న మందు అది.

ఎదురుతిరిగిన ఫలితాన్ని పక్కన పడేయకపోవడం వల్లే ఆ దారి దొరికింది. మనం మాత్రం పేపర్లలో బాగా పనిచేసిన నాలుగింటినే ముందు పెడతాం. మిగతావి విద్యార్థి వెళ్ళిపోగానే నోటుబుక్కుతో పాటు బీరువాలోకి చేరతాయి. తర్వాత వచ్చిన అమ్మాయి తెలియక అదే అణువుకి మళ్ళీ నెలలు ధారపోస్తుంది. ఫెలోషిప్ గడువేమో ఆగదు.

గైడ్లకు నా విన్నపం ఒకటే. థీసిస్ పట్టికలో పని చేయనివాటికీ అంకెలతో సహా చోటివ్వండి. కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, "యాక్టివిటీ లేదు" అని వచ్చిన రోజున కూడా తేదీ వేసి, స్పెక్ట్రం జతచేసి, నోటుబుక్కులో పూర్తిగా రాయండి.