సీసా మీద దరువు

ఈ వారమంతా మా ఇంట్లో బ్లిక్ బాసీ పాటలే. కామెరూన్‌లో పుట్టాడు, 2005 నుంచి ఫ్రాన్సులో ఉంటున్నాడు, పాటలు మాత్రం తన బాసా భాషలోనే కట్టుకుంటాడు. మిసిసిపీ బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ స్ఫూర్తితో 2015లో ‘ఆకో’ అనే ఆల్బమ్ తెచ్చాడు. ఒక గిటారో బాంజోనో, ఒక చెల్లో, ఒక ట్రాంబోన్, వాటి నడుమ సన్నటి గొంతు. పాట నెత్తిన తాళం మోత దించండి, మాట వినపడనివ్వండి అని ఈ కాలమ్‌లో ఎన్నేళ్లుగా అడుగుతున్నానో మీకు తెలుసు. నేనడిగిన పాట దొరికిందనుకున్నాను.

గురువారం ఆసికో విన్నాను. బాసావాళ్ల ఆటపాటల సంగీతం అది. జ్యాన్ బికోకో అందులో పెద్ద పేరు. గిటారు పక్కనే ఒకరు ఖాళీ సీసా మీద టకటకా కొడుతుంటారు. పాట నడకంతా ఆ గాజు చప్పుడే.

వెంటనే మా ఊరి రామమందిరం కళ్లముందుకొచ్చింది. ధనుర్మాసం భజన, ఇంకా తెల్లవారలేదు. డోలక్ చర్మం ఫట్‌మని పగిలింది. మా పెదనాన్న నీళ్ల చెంబు ఎడమ అరచేతిలో నిలబెట్టుకుని, ఉంగరం వేలితో అంచు మీద దరువు అందుకున్నాడు. మధ్యలో ఒకసారి గుక్కెడు నీళ్లు ఒంపేశాడు, చెంబు శ్రుతి కాస్త పెరిగింది. ఆ చిన్న చప్పుడు వినపడాలని అందరూ గొంతులు తగ్గించారు. అంత నెమ్మదైన భజన మళ్లీ వినలేదు. ఆ రోజు పాడిన కీర్తనల్లో ఒక్క మాటా గుర్తులేదు. దరువు మాత్రం ఇప్పటికీ చెప్పగలను.

మళ్లీ ‘ఆకో’ పెట్టుకున్నాను. సీసా అందులోనే ఉంది. గిటారు మందర తీగ మీద బొటనవేలి నడకలో ఉంది, చెల్లోను మీటిన చోట ఉంది. బాసీ దరువు తీసెయ్యలేదు, వేళ్లలోకి దింపాడు. ఇన్నేళ్లూ నేను నేరం చెయ్యనివాణ్ణి పట్టుకున్నాను.

2019లో బాసీ తెచ్చిన ‘1958’ ఆల్బమ్ రూబెన్ ఉమ్ న్యోబే కోసం. ఆయనా బాసావాడే. స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఆ నాయకుణ్ణి 1958 సెప్టెంబరు 13న బూమ్‌న్యెబెల్ దగ్గర ఫ్రెంచి సేనలు చంపేశాయి. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆయన పేరెత్తడమే నేరం. అలాంటి మనిషి కోసం పాడుతూ కూడా బాసీ గొంతు పెంచడు. నాకు బాసా ఒక్క ముక్క రాదు. నిన్న రాత్రి ఆ పాటలు వింటుంటే, నా వేలు కాఫీ గ్లాసు అంచు మీద దానంతటదే కొడుతోంది. ఆపబుద్ధి కాలేదు.