ఒకే సంగీతం, రెండు తీర్పులు: ‘ఆర్‌ఆర్‌ఆర్’ పాటలపై శ్రోతల భిన్నాభిప్రాయాలు

1. ప్రస్తావన

సినిమా పాట మీద అభిప్రాయం చెప్పడానికి ఎవరూ శాస్త్రం చదవనక్కరలేదు. జనగామ బస్టాండులో చాయ్ తాగుతున్న ఇద్దరిని అడిగినా రెండు తీర్పులు వస్తాయి, రెండూ గట్టిగానే వస్తాయి. విమర్శ చదువుకుంటున్న మీరు ఆ ఇద్దరిలో ఒకరి పక్షం చేరే ముందు చేయవలసిన పని ఒకటుంది. వాళ్లిద్దరూ ఒకే దాన్ని కొలుస్తున్నారా లేదా అని చూడాలి. చాలాసార్లు కొలిచే వస్తువే వేరుగా ఉంటుంది.

ఇందుకు ఉదాహరణగా ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్‌ఆర్‌ఆర్’ను తీసుకుందాం. సంగీతం ఎం.ఎం. కీరవాణి. ఈ సినిమానే ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఇందులో ఎక్కువ చర్చకు వచ్చిన రెండు పాటలూ మన చుట్టుపక్కల పుట్టిన కవులవి. ‘నాటు నాటు’ రాసిన చంద్రబోస్‌ది జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలం చల్లగరిగ. ‘కొమురం భీముడో’ రాసిన సుద్దాల అశోక్‌తేజది జనగామకు పొరుగున ఉన్న సుద్దాల. సాయుధ పోరాట కాలంలో పాటలు కట్టిన సుద్దాల హనుమంతు కుమారుడాయన. మనవాళ్ల పాట అనగానే మనకు అభిమానం ముందు, ఆలోచన వెనుక నడుస్తాయి. అభిమానాన్ని చంపుకోకుండానే దాన్ని కాసేపు పక్కన కూర్చోబెట్టి వినగలమా అన్నది ఈ పాఠంలో మీకు అసలు పరీక్ష.

2. అభిప్రాయాలు ఎక్కడ చీలాయి?

2023 జనవరిలో ‘నాటు నాటు’కు గోల్డెన్ గ్లోబ్, మార్చిలో 95వ ఆస్కార్ వేడుకలో ఉత్తమ ఒరిజినల్ సాంగ్ పురస్కారం వచ్చాయి. భారతీయ చిత్రంలోని పాటకు ఆస్కార్ రావడం అదే మొదటిసారి. ఆ సంతోషంలోనే తెలుగు శ్రోతల మధ్య ఒక వాదం నడిచింది.

ఒక వర్గం వాదన ఇది: కీరవాణి స్థాయికి ఇది గొప్ప పాట కాదు. ‘మాతృదేవోభవ’ (1993), ‘అన్నమయ్య’ (1997), ‘శ్రీరామదాసు’ (2006) వంటి చిత్రాలకు బాణీలు కట్టిన చేయి అది. ‘అన్నమయ్య’కు జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. ఆ పాటలతో పోలిస్తే ఇందులో గుర్తుండిపోయే రాగచ్ఛాయ ఏముంది, దరువు తప్ప? ఇదే సినిమాలోని ‘కొమురం భీముడో’ ఇంతకంటే బరువైనది కదా?

రెండో వర్గం జవాబు: పాట పని మనసు కరిగించడమే కాదు, కాలు కదిలించడం కూడా. భాష తెలియని దేశాల్లో సైతం ప్రేక్షకులు లేచి ఆడారంటే సంగీతం తన పని తాను చేసినట్లే.

మూడో వర్గం పాటలను వదిలి నేపథ్య సంగీతం గురించి మాట్లాడింది. ఆ హోరు లేకపోతే దృశ్యానికి ఆ ఊపు రాదని కొందరు, హోరు ఎక్కువై మాటనూ నిశ్శబ్దాన్నీ మింగేసిందని కొందరు.

గమనించండి. మొదటి వర్గం బాణీని విడిగా, ఇంట్లో కూర్చుని వినే వస్తువుగా కొలుస్తోంది. రెండో వర్గం శరీరం మీద అది చూపే ప్రభావాన్ని కొలుస్తోంది. మూడో వర్గం దృశ్యంతో దాని పొందికను కొలుస్తోంది. మూడు కొలబద్దలు, మూడు తీర్పులు. అందుకే ఎంత వాదించుకున్నా ఎవరూ ఎవరినీ ఒప్పించలేకపోయారు.

3. న్యాయనిర్ణేతలు మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నారా?

‘అవార్డు వచ్చింది కాబట్టి గొప్పది’ అనే వాక్యం మీ జవాబు పత్రాల్లో రాయవద్దు. పురస్కార సంఘాలు కూడా ప్రేక్షకులే. వాళ్ల తీర్పులూ చీలాయి. 2021 సంవత్సరానికి ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలను చూడండి. కీరవాణికి ‘ఆర్‌ఆర్‌ఆర్’ నేపథ్య సంగీతానికి పురస్కారం ఇచ్చారు. పాటల సంగీతానికి ‘పుష్ప’కు దేవిశ్రీ ప్రసాద్‌ను ఎంచుకున్నారు. ఉత్తమ గాయకుడిగా కాలభైరవకు పురస్కారం వచ్చింది, అయితే అది ‘కొమురం భీముడో’ పాడినందుకు. ‘నాటు నాటు’ను రాహుల్ సిప్లిగంజ్‌తో కలిసి పాడినది కూడా ఆయనే. చంద్రబోస్‌కు ఉత్తమ గీత రచయిత పురస్కారం ‘కొండపొలం’లోని పాటకు దక్కింది. దానికీ సంగీతం కీరవాణిదే. ‘నాటు నాటు’ నుంచి దేశంలో గుర్తింపు పొందినది ప్రేమ్ రక్షిత్ నృత్య రచన. ఒకే సినిమాను లాస్ ఏంజెలిస్ ఒక చెవితో, ఢిల్లీ మరో చెవితో విన్నాయి.

ఇంకో సంగతి. నెట్‌ఫ్లిక్స్‌లో ఈ సినిమా హిందీ రూపంలో వచ్చింది. అంటే విదేశాల్లో ఇంట్లో కూర్చుని చూసిన చాలామంది చెవిన మొదట పడినది హిందీ పాట. చంద్రబోస్ పదాలను కాక బాణీనీ, నడకనూ, నాట్యాన్నీ వాళ్లు మెచ్చుకున్నారు. మాట తెలిసిన మనకూ, తెలియని వాళ్లకూ ఆ పాట ఒకటి కాదు. ఈ తేడాను గుర్తించకుండా ‘ప్రపంచం మన సాహిత్యాన్ని మెచ్చింది’ అనడం తొందరపాటు.

4. మార్గ, దేశి: పాత తగాదాకు కొత్త రూపం

‘వట్టి దరువు పాట’ అన్న చిన్నచూపు వెనుక ఒక పాత తగాదా ఉంది. జనగామ జిల్లా పాలకుర్తి పేరుతో ముడిపడిన పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తాల పక్కన ద్విపదను నిలబెట్టి, తెలుగు మాటలను తక్కువగా చూడవద్దన్నాడు. ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు వంటి జనం పాటల పేర్లను గౌరవంగా నమోదు చేశాడు. మాణిక్యపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథ విన్న జిల్లా వాసులకు దరువు కూడా కథ చెబుతుందని వేరే చెప్పనక్కరలేదు.

అయితే సోమనాథుడి పేరు చెప్పి ‘దేశి కాబట్టి మంచిది’ అని ముగించలేం. ఆయన ద్విపదను సమర్థించి ఊరుకోలేదు, ద్విపదలో ‘బసవపురాణం’ రాసి చూపాడు. దేశి అన్నది జాతి పేరు మాత్రమే. ఆ జాతిలో ఈ పాట ఎలాంటిదో మళ్లీ విడిగా తేల్చాలి.

5. రెండు పాటలూ దగ్గరగా

‘నాటు నాటు’ నడక ఆరు-ఎనిమిది. తకిట తకిట అని రెండు మూళ్లుగా లెక్కపెట్టుకుంటూ విని చూడండి. ఊరేగింపుల్లో తీన్‌మార్ విన్న చెవికి ఇది పరాయిది కాదు. సాహిత్యం ఉపమల వరుస: పొలం గట్టు మీది పోట్లగిత్త, జాతరలో పోతరాజు, జొన్నరొట్టెలో మిరప తొక్కు. అన్నీ పల్లె జీవితం నుంచి తెచ్చినవి. పాటలో ఎక్కువ భాగం పూట వ్యవధిలో వచ్చిందనీ, మిగిలిన కొద్ది భాగానికి 19 నెలలు పట్టిందనీ చంద్రబోస్ చెప్పారు. కానీ బాణీ ప్రతి ఉపమకూ ఒకే బరువు, ఒకే వేగం ఇస్తుంది. ఏదీ ఆగి మనసులో కూర్చోదు. చివరికి మిగిలేది పల్లవి మాట ఒక్కటే.

ఇది లోపమా? దృశ్యంలోకి వెళ్లి చూడండి. తెల్లవాళ్ల విందులో భీమ్‌ను నాట్యం రానివాడని అవమానిస్తారు. దానికి జవాబు ఈ పాట. ఇది పోటీ, పోటీలో ఆలోచించే తీరిక ఉండదు. వేగం పెరుగుతూ పోయి మాటలు వెనక్కి తగ్గి దరువే మిగలడం, చివర మిత్రుడి గెలుపు కోసం రామ్ కావాలని పడిపోవడం, ఇవన్నీ కథను ముందుకు నడుపుతాయి. కాబట్టి దృశ్యంలో ఇది నిండైన పాట. దృశ్యం తీసేసి ఒంటరిగా వింటే పలచబడుతుంది. మొదటి వర్గం, రెండో వర్గం రెండూ తమ తమ చోట నిజం చెప్పాయి.

‘కొమురం భీముడో’ సంగతి వేరు. కొరడా దెబ్బలు తింటూ మోకరిల్లడానికి నిరాకరించే మనిషి తనను తానే పేరుపెట్టి పిలుచుకునే పాట ఇది. పేరు చివరి ‘డో’ జానపద గేయాల్లో మనం వినే పిలుపు. నెమ్మదైన నడకలో ప్రతి మాటకూ చోటు దొరికింది. మొదట గొంతు ముందుంటుంది, పోనుపోను వాద్యాలు బలపడతాయి, చూస్తున్న జనం కదులుతారు. సినిమాలోనూ బయటా నిలబడే పాట కనుక, రెండింటిలో దీనికే నేను పెద్దపీట వేస్తాను.

అయితే మెచ్చుకోలుతో విమర్శ ముగియదు. చరిత్రలోని కొమురం భీం గోండు నాయకుడు. జల్, జంగల్, జమీన్ కోసం నైజాం పాలనను ఎదిరించి 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగాడు. సినిమా కథ కల్పితమే, అందులో తప్పులేదు. కానీ పేరు నిజమైనది. గోండులకు తమ సంగీతం ఉంది. వాళ్ల కథలను ప్రధానులు కిక్రి వాయిస్తూ పాడతారు. ఆ గాయకుల చెవికి ఈ పాట తమ వీరుడి గొంతులా వినిపిస్తుందా, మైదాన ప్రాంతపు తెలుగు గొంతు అతని పేరు తొడుక్కున్నట్లు వినిపిస్తుందా? శ్రోతల అభిప్రాయ భేదాల గురించి మాట్లాడినప్పుడు మనం తరచు మరిచే శ్రోత ఆ గోండు శ్రోత. పట్నపు థియేటర్లో రెండు వర్గాలుగా చీలి వాదించుకున్న మనమంతా ఆ శ్రోత దృష్టిలో ఒకే వర్గం కావచ్చు.

6. ముగింపు

అభిప్రాయ భేదం కనిపించగానే ‘ఎవరి రుచి వారిది’ అని తప్పుకోవద్దు. ఎవరు ఏ కొలబద్ద పట్టుకున్నారో చెప్పండి, ఆ కొలబద్ద ఆ పాటకు సరిపోతుందో లేదో చూడండి, వాదనలో చోటే దొరకని శ్రోత ఎవరో వెతకండి, ఆ తరువాత మీ తీర్పు ధైర్యంగా రాయండి. కవిది మన జిల్లా అన్న సంతోషం ఇంట్లో దాచుకోదగినదే. జవాబు పత్రంలో మాత్రం అది కారణం కాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘నాటు నాటు’ను ఒకసారి దృశ్యంతో, మరోసారి కళ్లు మూసుకుని వినండి. మీ అభిప్రాయం మారిందా? ఎందుకు?

2. ‘కొమురం భీముడో’లో వినిపించే వాద్యాలను గుర్తుపట్టి రాయండి. వాటిలో ఆదివాసీ వాద్యం ఏదైనా ఉందా? లేకపోతే పాటకు కలిగే నష్టం ఏమిటి?

3. మీ ఇంట్లో రెండు తరాల వారిని ఈ రెండు పాటల గురించి అడగండి. వాళ్లు దేన్ని కొలుస్తున్నారో ఒక పుటకు మించకుండా విశ్లేషించండి.