ఆరు వోల్టులకు వకాల్తా

రోగం కనిపెట్టకుండా పార్టు మార్చే మెకానిక్కుల మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు విరుచుకుపడ్డానో పాత పాఠకులకు చెప్పక్కర్లేదు. వాళ్లు వైద్యులు కారు, వ్యాపారులు. ఈ వారం ఆ పాత కోపం మళ్లీ లేచింది. కారణం ఈసారి మన ఊళ్లో లేదు, ఒహాయోలో ఉంది.

అక్కడ మా మేనల్లుడు ఊరి బయట కొంచెం నేలతో సహా ఒక ఇల్లు కొన్నాడు. ఇంటితోపాటు కొట్టంలో పాత ట్రాక్టరు కూడా వచ్చింది. ఫోర్డ్ 8ఎన్. 1947 నుంచి 1952 దాకా 5 లక్షలకు పైగా తయారైన బండి. మడ్‌గార్డులు బూడిద రంగు, పొట్ట ఎరుపు. 6 వోల్టుల బ్యాటరీ, అదీ పాజిటివ్ ఎర్తు. చలి పొద్దున సెల్ఫు కొడితే మూలిగి ఊరుకుంటోందట. చుట్టుపక్కల ఎవరినడిగినా ఒకటే మాట, పన్నెండుకి మార్చెయ్. ఆల్టర్నేటరు, దాన్ని బిగించే బ్రాకెట్టు, వైర్లు అన్నీ ఒకే పెట్టెలో అమ్ముతారట. "ఏమంటావు మావయ్యా?" అని ఫోను.

ఆ బండి నాకు పరాయిది కాదు. 1938లో హ్యారీ ఫెర్గూసన్ తన హైడ్రాలిక్ లిఫ్టును హెన్రీ ఫోర్డ్‌కు చూపించి, కాగితం ముక్కయినా లేకుండా చేయి కలిపి బేరం కుదుర్చుకున్నాడు. ఫోర్డ్ మనవడి చేతికి కంపెనీ వచ్చాక ఆ బేరం చెడింది. 8ఎన్ ఫెర్గూసన్‌తో తెగతెంపులయ్యాక వచ్చిన బండి, లిఫ్టు మాత్రం ఆయనదే. ఆయన కోర్టుకెక్కి 1952లో 92.5 లక్షల డాలర్లు పుచ్చుకున్నాడు. మరుసటేడు మాసీ-హ్యారిస్‌తో కలిశాడు. ఆ కలయిక బళ్లనే తర్వాత మద్రాసులో టాఫే వాళ్లు తయారు చేశారు, వాటిలో ఒకటి మా నాన్న కొన్నాడు. అంటే మేనల్లుడి కొట్టంలో ఉన్నది మా ఇంటి ట్రాక్టరుకు దాయాది.

సరే, ఆరు వోల్టుల మీద ఇంత చెడ్డపేరు ఎందుకు? లెక్క వేసి చూద్దాం. సెల్ఫుకు 1,200 వాట్లు కావాలనుకోండి. 12 వోల్టుల మీద 100 ఆంపియర్లు చాలు, 6 మీద 200 లాగాలి. ఎక్కడో ఒక అతుకులో చిలుము పట్టి ఓము‌లో 200వ వంతు అడ్డం పడిందనుకోండి. 12 వోల్టుల బండిలో అక్కడ అర వోల్టు పోతుంది. అంటే 24లో ఒక వంతు, ఎవరికీ తెలియదు. 6 వోల్టుల బండిలో ఒక వోల్టు పోతుంది. అంటే ఆరో వంతు అతుకే తినేస్తుంది. దాని మీద ఎవడో బజారులో దొరికిన సన్న కేబులు వేసి ఉంటాడు, కరెంటు రెట్టింపు కాబట్టి దీనికి బొటనవేలంత లావుది ఉండాలని తెలియక. తప్పు వోల్టులది కాదు.

ఇది నాకు నేర్పినవాడు పొన్నూరు రోడ్డులో ఉండే సెల్ఫు మేస్త్రి. ఒక నాట్ల కాలంలో మా ట్రాక్టరు సెల్ఫు టిక్కుమని ఆగిపోయేది. రోజూ సాయంత్రం దాన్ని చెరువుకట్ట మీదకి ఎక్కించి నిలిపేవాళ్లం, పొద్దున దొర్లించి స్టార్టు చేయడానికి. కట్ట మీద ట్రాక్టరు ఉందంటే ఆ ఇంట్లో బ్యాటరీకి డబ్బుల్లేవని ఊరంతటికీ తెలిసినట్టే. నాన్నకు అది నామోషీ. టౌనులో ఇద్దరు బ్యాటరీ మార్చమన్నారు, ఒకాయన సెల్ఫే మార్చమన్నాడు. ఈ మేస్త్రి మీటరు కూడా తీయలేదు. నన్ను సెల్ఫు కొట్టమని, పది లెక్కపెట్టి ఆపమని, బ్యాటరీ టెర్మినల్ నుంచి మొదలుపెట్టి ఒక్కో అతుకునీ వేళ్లతో తడుముతూ పోయాడు. ఛాసిస్‌కి ఎర్తు బిగించిన బోల్టు దగ్గర చురుక్కుమని చెయ్యి తీసేశాడు. "ఇక్కడ కూర్చుని తింటందిరా అబ్బాయ్ మీ నాన్న కరెంటు." బోల్టు విప్పితే కింద రంగు, రంగు మీద మట్టి, పైన ఆకుపచ్చ చిలుము. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, గ్రీజు రాశాడు. సెల్ఫు గిర్రున తిరిగింది. ఆయన పుచ్చుకున్నది టీ డబ్బులకు కాస్త ఎక్కువ, తిట్టింది మాత్రం చాలా.

కాబట్టి మేనల్లుడికి నా జవాబు సిద్ధంగానే ఉంది. చేత్తో తడుము, రుద్దు, లావు కేబులు వెయ్యి, ఆరు వోల్టుల జోలికి వెళ్లకు.

రాయబోతుంటే అదే మేస్త్రి షెడ్డు కళ్లముందు నిలిచింది. షెడ్డు వెనక గోడవారన గుట్టగా పడి ఉండేవి ఏమిటి? పాత డైనమోలు. ఆయన వాటిని విప్పి పారేసి ఆల్టర్నేటర్లు బిగించేవాడు. 6 వోల్టుల బుల్లెట్ ఎవరు తెచ్చినా కాయిలు, రెక్టిఫయరు, బల్బులు, హారను మార్చి 12 చేసి పంపేవాడు. ఒక ఆసామి తన బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలని పట్టుబడితే, "రాత్రి రోడ్డు మీద గేదె కనపడాలా, నీ బండి పుట్టుమచ్చలు కనపడాలా?" అన్నాడు. రోగం కనిపెట్టడం ఆయనకు విద్య, పాతదాన్ని పూజించడం కాదు. ఈ రెండింటినీ కలిపేసింది నేను మాత్రమే. ఆ మాటకొస్తే ఫోర్డ్ వాళ్లే 8ఎన్‌ని వచ్చినట్టు ఉంచలేదు, ముందున్న డిస్ట్రిబ్యూటరును 1950లో పక్కకు జరిపారు. వాళ్ల కార్లు 1956లో 12 వోల్టులకు వెళ్లాయి. టెస్లా సైబర్‌ట్రక్ ఇప్పుడు ఏకంగా 48కి పోయింది, అదే సన్నతీగల లెక్కతో.

అందుకని మార్చుకోమనే రాశాను, అతుకులు రుద్దాకే. లావు కేబుళ్లు ఉన్నవి ఉంచాలి, అవి 12కి ఇంకా మంచివి. ఆల్టర్నేటరు నెగటివ్ ఎర్తు కోరుతుంది కాబట్టి బ్యాటరీ తిరగేయాలి, కాయిలు తీగలూ అమ్మీటరు తీగలూ తిరగేయాలి. లేకపోతే ఛార్జి ఎక్కుతున్నా దిగుతున్నట్టు చూపిస్తుంది. కాయిలు 12దైనా వేయాలి, వరసలో తగిన రెసిస్టరైనా పెట్టాలి, లేకపోతే పాయింట్లు కాలిపోతాయి. బల్బులు ఎలాగూ మార్చాల్సిందే. సెల్ఫు మోటారు పాతదే చాలు. సిరీస్ మోటారు కాబట్టి బ్యాటరీ తిరగేసినా అటే తిరుగుతుంది, కాకపోతే పళ్లు ఫ్లైవీలును గట్టిగా కొడతాయి, బటను మీద వేలు ఎక్కువసేపు ఉంచకూడదు. విప్పిన జనరేటరును మాత్రం పారేయొద్దన్నాను. రేపు అమ్మబోతే, కంపెనీ నుంచి వచ్చినట్టే కావాలనేవాడు ఎవడో తగులుతాడు, వాడికి విడిగా ధర చెప్పొచ్చు.