పేరు లేని చీటీలు

ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లలకు లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. మొదటి యూనిట్ మాట్రిక్సులు. చాలా ఏళ్లు మొదటి రోజే 'ర్యాంక్'తో మొదలెట్టేవాణ్ణి. క్లాసంతా బుద్ధిగా రాసుకునేది. "డౌట్లున్నాయా?" అంటే ఒక్క చెయ్యీ లేచేది కాదు. అందరికీ అర్థమైందనుకునేవాణ్ణి.

ఆ భ్రమ ఒక చీటీతో పోయింది. ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న ఒకటి రాసివ్వండి, పేరక్కర్లేదు, తెలుగైనా సరే అన్నాను. నోట్సు చించిన ముక్క మీద ఒకటొచ్చింది: "సార్, ఆదివారం రాత్రి హాస్టల్లో అన్నం పెట్టరా? రెండు వారాలూ నేనే లేటయ్యాననుకున్నా." మా హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం కోడికూర పెట్టి, రాత్రికి మెస్ మూసేస్తారు. పాతవాళ్లందరికీ తెలిసిందే కదా అని ఎవరూ నోటీసు అంటించలేదు.

ఇంటర్ రెండేళ్లూ ఈ పిల్లల్ని ఒకరు ఈల వేసి నిద్రలేపారు, ఒకరు స్టడీ అవర్లో కూర్చోబెట్టారు. ఇక్కడ ఆ ఈల వినబడదు. ఇంగ్లీషు కష్టం తర్వాతి మాట. ఎవరిని అడగాలో తెలియకపోవడమే మొదటి కష్టం. ర్యాగింగ్‌ను అరికట్టే 2009 యూజీసీ నిబంధనలు కొత్తవాళ్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచమన్నాయి. అది అవసరమే. కాకపోతే సీనియర్‌తో పాటు, మెస్ ఎప్పుడు మూస్తారో చెప్పేవాడూ దూరమయ్యాడు.

ఏఐసీటీఈ చెప్పిన మూడు వారాల ఇండక్షన్‌లో అన్నీ చెబుతాం. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా పడిపోతే డాక్టరు సర్టిఫికెట్‌, ఫీజుతో కండొనేషన్. అంతకన్నా తగ్గితే డిటెన్షన్. స్టేజీ మీంచి ఒక్క గుక్కలో చెప్పేస్తాం. రెండు నెలల తర్వాత జ్వరంతో పడుకున్నవాడికి కావలసింది ఆ ఉపన్యాసం కాదు, సర్టిఫికెట్ ఏ కిటికీలో ఇవ్వాలన్న ముక్క.

ఇప్పుడు మొదటి క్లాసులో మాట్రిక్స్ కన్నా ముందు మెస్ వేళలు బోర్డు మీద రాస్తాను. తర్వాత అందర్నీ వెంటబెట్టుకుని ఆఫీసు కిటికీలు చూపించుకొస్తాను. శుక్రవారం చీటీల డబ్బా తెరిచి, ఒక్కొక్కటీ నవ్వకుండా చదివి జవాబు చెబుతాను. నేను నవ్వకపోతే క్లాసూ నవ్వదు.

మూడో శుక్రవారానికి డబ్బాలో మాట్రిక్సుల డౌట్లు వస్తాయి. ఐదో వారానికి కొన్ని చీటీల కింద పేర్లు కూడా ఉంటాయి.