భద్రాచలం టేకు, కోరంగి ఓడ

భద్రాచలం అడవిలో కూలిన టేకు మాను ఒకప్పుడు సముద్రం దాకా ప్రయాణం చేసేది. పచ్చి టేకు బరువెక్కువ, నీళ్లలో సరిగా తేలదు. అందుకని దుంగలకు వెదురు కట్టలు జోడించి తెప్పలు కట్టేవాళ్లు. ఆ తెప్పలు కూనవరం దగ్గర శబరి నీళ్లందుకుని, పాపికొండల ఇరుకు దాటి, రాజమండ్రి కలప రేవుకు చేరేవి. అక్కడ కొన్ని దుంగలు ఇళ్ల దూలాలయ్యాయి, కొన్ని గుడి తలుపులయ్యాయి. ఇంకొన్ని దిగువకు సాగి నరసాపురం, తాళ్లరేవు, కోరంగి రేవుల్లో ఓడలయ్యాయి. దూలాలూ తలుపులూ ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. తెరచాప ఎత్తిన ఆ ఓడలే లేవు.

వాటిని మళ్లీ కళ్లముందు నిలబెట్టగల విద్య ఒకటుంది. అసలు ఓడ కొలతలన్నీ ఒకే లెక్కన తగ్గించి, అసలు వడ్రంగి ఏ వరసలో కట్టాడో ఆ వరసలోనే కట్టే నమూనా ఓడ. గాజుపెట్టెలో పెట్టే అలంకారం అనుకుని చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. శ్రద్ధగా కట్టిన నమూనా ఓడ ఒక గ్రంథంతో సమానమని నా నమ్మకం. మన విషయంలో అయితే, ఇంకెక్కడా దొరకని గ్రంథం.

17వ శతాబ్దంలో నరసాపురం ఓడల పనికి పేరుమోసిన రేవు. పక్కనే మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీ స్థావరం ఉండేది. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఇక్కడి కలపనీ, ఇనుమునీ, పనివాళ్లనీ మెచ్చుకుంటూ రాశాడు. ఇంగ్లీషు వర్తకులు ఇక్కడికొచ్చి ఓడలు కట్టించుకునేవాళ్లు. ఆ తర్వాత పేరు కోరంగిది. కోరంగి నుంచి రంగూన్‌కు జనం ఎంతగా వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు స్థిరపడిపోయింది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరో ఉప్పెన ఆ ఊరిని ముంచేశాయి. గోదావరి ఒండ్రు రేవును పూడ్చింది, పొగ ఓడలు మిగిలిన పని పూర్తిచేశాయి.

ఇంత పనిచేసిన మన వడ్రంగులు కాగితం మీద ఓడ గీసుకోలేదు. కొలత కంట్లో ఉండేది, చేతిలో ఉండేది, తండ్రి పక్కన నిలబడి బాడిశ పట్టిన కొడుక్కి అందేది. పని ఆగినప్పుడు కొలతా పోయింది. కాగితం మీదికి ఎక్కించింది బయటివాళ్లు. వాళ్లలో ఇద్దరిని మనం మరవకూడదు.

ఒకరు జాన్ ఎడ్యి. త్రింకోమలీ నౌకాశాలలో ఓడల మేస్త్రీగా పనిచేసినవాడు. కోరమాండల్, మలబార్, సింహళ తీరాల దేశవాళీ పడవల మీద 1834లో లండన్ రాయల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. అందులో ధోనీ అనే మన తీరపు తెరచాప ఓడ కొలతలున్నాయి. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అడుగుభాగం బల్లపరుపు, అది బాగా వెడల్పైన చోట 7 అడుగులు. ధోనీ పని ఆయన కంటికి మోటుగా కనిపించింది. నాకు మాత్రం ఆ చదునైన అడుగులో గోదావరి ముఖద్వారం తెలిసినవాడి తెలివి కనిపిస్తుంది. కోరంగి నీళ్లు లోతు తక్కువ, అడుగున బురద. పాటు సమయంలో నీళ్లు తీసినప్పుడు ధోనీ పక్కకు ఒరగకుండా బురద మీద నిటారుగా కూర్చోవాలి, పోటు వచ్చినప్పుడు లేవాలి.

రెండోవాడు ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మాండ్ పారిస్. 1826 నుంచి 1840 మధ్య మూడు సుదీర్ఘ నౌకాయాత్రల్లో వెళ్లిన రేవుల్లో నాటు పడవల్ని కొలిచి గీశాడు. 1841-43లో ఆ చిత్రాలన్నీ పెద్ద గ్రంథంగా అచ్చయ్యాయి. కోరంగి ధోనీ అందులో ఉంది. పుదుచ్చేరిలో యంత్రంలో చిక్కుకుని ఆయన ఎడమ చేయి పోయింది. అయినా గీయడం మానలేదు. 1871లో పారిస్ నగరంలోని లూవ్రలో ఉన్న నౌకా మ్యూజియానికి అధిపతి అయ్యాడు, 1893లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. అక్కడి పనిశాలలో తన చిత్రాల ఆధారంగా దేశదేశాల పడవలకు నమూనాలు కట్టించాడు. పడవ రూపాన్ని కాపాడాలంటే బొమ్మ గీస్తే చాలదని, కొయ్యతో కట్టి చూడాలని ఆయనకు తెలుసు.

కట్టడం ఎలా అన్నదే ఇక అసలు సంగతి.

మొదట స్కేలు తేల్చుకోవాలి. ఇంగ్లీషు నౌకాదళం పాత నమూనాలు ఎక్కువగా 48కి ఒకటి, అంటే అడుగుకు పావు అంగుళం. ఫ్రెంచివాళ్లకు 36కి ఒకటి అలవాటు. ఎడ్యి చెప్పిన ధోనీ 36కి ఒకటి లెక్కన సుమారు 59 సెంటీమీటర్ల పొడవు, 17 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. బల్ల మీద హాయిగా పడుతుంది. 48కి ఒకటి తీసుకుంటే 44 సెంటీమీటర్లకు తగ్గుతుంది, రెండంగుళాల పలక ఒక్క మిల్లీమీటరు అవుతుంది. చేయి కుదరనివాళ్లు పెద్ద స్కేలు తీసుకోవడమే మంచిది. చిన్న పడవకు పెద్ద స్కేలు, పెద్ద ఓడకు చిన్న స్కేలు అన్నది సాధారణ పద్ధతి.

స్కేలు తగ్గించవచ్చు గాని చెట్టును తగ్గించలేం. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అసలు ఓడ టేకుది కాబట్టి నమూనా కూడా టేకుతోనే చేయాలనుకుంటారు. టేకు చార ముతక, రంధ్రాలు పెద్దవి. 48వ వంతు పలక మీద ఆ రంధ్రం పెద్ద పగులులా కనిపిస్తుంది. కళ్లకు ఓడ అనిపించదు, టేకు ముక్క అనిపిస్తుంది. మన అడవిలోనే ఇంతకన్నా తగిన కర్రలున్నాయి. బండారు పసుపు పచ్చగా, చార కనబడనంత సన్నగా ఉంటుంది. పలకలకు ఇంతకన్నా మంచిది అక్కర్లేదు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు తెల్లగా, నున్నగా ఉంటుంది. కప్పీల్లాంటి చిన్న వస్తువులు చెక్కడానికి బాగుంటుంది. నల్లని పట్టీ కావలసిన చోట జిట్రేగి. రంగు పూయకుండా కర్రల సొంత రంగులతోనే ఓడను తేల్చడం ఈ పనిలో ఉన్నత స్థాయి. టేకు పూర్తిగా మానక్కర్లేదు, అడుగుదూలానికి వాడొచ్చు. అడవిలో చెట్టు ముట్టే పని లేదు. పాత ద్వారబంధం ముక్క, కోత మిల్లులో పక్కన పడేసిన చెక్క చాలు. ఏళ్లతరబడి ఆరిన కర్ర అంతగా మెలితిరగదు.

ఓడ దేహం కట్టడానికి సులువైన దారి కొండపల్లి పొణికి లాంటి మెత్తని దిమ్మను చెక్కి పైన పలకలు అతకడం. చేయి అలవాటు కావడానికి మంచిదే. నడిమి దారి ఒకటుంది. అడ్డపలకలు వరసగా నిలబెట్టి వాటి మీద పలకలు చుట్టడం. మూడోది అసలు దారి. అడుగుదూలం వేసి, ముందు అణియం, వెనక అమరం కొయ్యలు నిలబెట్టి, వంపుకొయ్యలు ఒక్కొక్కటే నిజమైన లెక్కతో, నిజమైన దూరంలో నిలపడం. 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు నౌకాదళపు నమూనాల్లో చాలావాటికి కిందివైపు పలకలు వేయకుండా వంపుకొయ్యలు బయటికి కనిపించేలా వదిలేశారు.  మన ధోనీకి కూడా ఒక పక్క మూసి, ఒక పక్క తెరిచి ఉంచాలని నేను అంటాను. చదునైన అడుగు, పక్కలు లేచే మలుపు, బరువు ఎక్కడ దిగుతుందో అన్నీ ఆ తెరిచిన పక్కన కనిపించాలి.

అందరి ఓర్పునూ పరీక్షించేది పలక వేయడం. ఓడ పక్క అన్నిచోట్లా ఒకే వెడల్పు ఉండదు. ఉదాహరణకు నడుమ 12 సెంటీమీటర్లు, అణియం దగ్గర 9 సెంటీమీటర్లు అనుకోండి. 12 పలకలు వేస్తే నడుమ ఒక్కో పలక 10 మిల్లీమీటర్లు ఉండాలి, చివర ఏడున్నరకు సన్నబడాలి. ఈ లెక్క ముందే వేసుకోకపోతే చివర పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. పలకను మందం వైపు వంచొచ్చు. వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, మెల్లగా చుడితే మాట వింటుంది. వెడల్పు వైపు వంచబోతే లేచి నిలబడుతుంది, లేదా విరుగుతుంది. ఆ వంపు కర్రలోనే కోసుకోవాలి. కాగితం అచ్చు తీసి, పలక మీద గీసి, రంపంతో కోసి, చిత్రికతో అంచు సరిచేసి, పెట్టి చూసి, మళ్లీ తీసి. కొండపల్లి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి అతుకులు సరిచేస్తారు. బొమ్మకు పైన రంగు పడుతుంది కాబట్టి అది చక్కని పద్ధతి. రంగు పడని ఓడ మీద మక్కు దాగదు. సందు తప్పితే పలకే మార్చాలి.

అసలు ఓడలో పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలం, నూనె కలిపి పూసేవాళ్లు. నమూనాలో పలక అంచుకు సన్నని నల్ల కాగితం అతికిస్తే ఆ గీత వస్తుంది. మేకులకు బదులు వెదురు చీలలు. వెదురును పుల్లలుగా చీల్చి, ఇనుప రేకులో క్రమంగా చిన్నవయ్యే బెజ్జాల గుండా పట్టకారుతో లాగుతూ పోతే అర మిల్లీమీటరు పుల్ల వస్తుంది. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్లు చాలామంది కొనుక్కునే వెదురు మన ఇంటి వెనక పెరుగుతుంది.

తాళ్ల సంగతి ఇంకా ముచ్చటైంది. దారపు ఉండ కొని కట్టేస్తే అది దారంలాగే కనిపిస్తుంది. తాడు తాడులా కనిపించాలంటే పేనాలి. పురులను ఒక వైపు తిప్పి, మూడు పురులు కలిపి ఎదురు వైపు తిప్పితే, విప్పుకోవాలన్న ఒకదాని బలం రెండోదాన్ని పట్టి ఉంచుతుంది. గోగునారతో పలుపుతాళ్లు పేనిన మన రైతులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కొక్కేలున్న చిన్న చట్రంతో, నూలు దారంతో అదే పని చేయాలి. తెరచాపల విషయంలో నమూనాలు కట్టేవాళ్లు రెండు మాటలుగా ఉంటారు. గుడ్డ ముతకగా కనిపిస్తుందని చాలామంది తెరచాప లేకుండా వట్టి కొయ్యలు నిలబెడతారు. యూరప్ ఓడలకు అది చెల్లుతుందేమో. మన పడవలో తాడుకీ చాపకీ సంబంధం చాప ఎత్తితే తప్ప అర్థం కాదు. సన్నని నూలు గుడ్డను టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టి చాప ఎత్తాల్సిందే.

మన తీరంలోనే తిరిగిన కుట్టు పడవ పని పూర్తిగా వేరు. మసూలా అని పిలిచిన ఈ పడవలో మేకు లేదు, వంపుకొయ్య లేదు. పలక అంచుల్లో బెజ్జాలు వేసి, సందు మీద గడ్డి పెట్టి, కొబ్బరి పీచు తాడుతో కుడతారు. కెరటం కొట్టినప్పుడు ఒళ్లంతా కొద్దిగా వంగుతుంది, అందుకే విరగదు. నమూనాలో సన్న బర్మాతో బెజ్జాలు వేసి నిజంగా కుట్టి చూసినవాడికే ఆ వంగడం వేళ్లకు తెలుస్తుంది. పుస్తకంలో పది పేజీలు చదివినా అది తెలియదు.

భద్రాచలానికి దగ్గర్లోనే ఇంకో మంచి విషయం ఉంది. ఆర్థర్ కాటన్ తలపెట్టిన ఎగువ గోదావరి నౌకామార్గం కోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకు కట్టారు. మధ్య భారతం పత్తిని పడవల్లో సముద్రానికి తేవాలన్నది ఆలోచన. 1871లో ఆ పథకం ఆగింది. ఆనకట్ట నిలిచింది. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆనకట్టల నమూనాలున్నాయి. దుమ్ముగూడెం లాకులోకి దిగే నాటుపడవను, లాకు తలుపుతో సహా కట్టి ఆ పక్కన పెడితే కథ పూర్తవుతుంది. భద్రాచలంలో చేయి తిరిగిన వడ్రంగులకు కొదవలేదు. ముక్కోటి ముందు రోజు తెప్పోత్సవానికి లాంచీ మీద రాములవారి హంసవాహనం కట్టే ఊరు ఇది. నీటి మీద ఎత్తు ఎంతవరకు పోవచ్చు, బరువు ఎటు పంచాలి అన్నది ఇక్కడివాళ్లకు ఏటా పడే పని.

నమూనా వల్ల ప్రయోజనమేమిటని అడిగేవాళ్లకు ఈ మధ్య జరిగిందే జవాబు. అజంతా రెండో గుహలోని ఓడ బొమ్మ ఆధారంగా భారత నౌకాదళం కుట్టు ఓడ ఒకటి కట్టించింది. ఆ బొమ్మ తప్ప వేరే చిత్రపటం లేదు. 2023 సెప్టెంబరులో అడుగుదూలం వేశారు. నీటిలో ఎలా నడుస్తుందో తేల్చుకోవడానికి ఐఐటీ మద్రాసులో నమూనాతో పరీక్షలు జరిపారు. 2025 మేలో కార్వార్‌లో కౌండిన్య అనే పేరుతో నౌకాదళంలో చేర్చుకున్నారు. మన దగ్గరా శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. దాని మీద వ్యాసాలు వచ్చాయి, తపాలా బిళ్లంత బొమ్మలు అచ్చయ్యాయి. ఆ రెండు కొయ్యలు ఎంత దూరంలో నిలవాలి, ఏ అడుగుదూలం వాటిని మోస్తుంది అన్న ప్రశ్న కొయ్యతో కట్టేవాడికే ఎదురవుతుంది.

నాణెం మీది ఓడ కన్నా ముందు కోరంగి ధోనీ కట్టాలి, దానికి కొలతలున్నాయి కాబట్టి. 36కి ఒకటి స్కేలు, బండారు పలకలు, టేకు అడుగుదూలం, వెదురు చీలలు. కట్టే ముందు తాళ్లరేవు వెళ్లి, అక్కడ ఓడల పని ఎరిగిన పెద్దలుంటే వాళ్ల పక్కన కూర్చుని, ఒడ్డుకెక్కిన కొయ్య పడవ కనిపిస్తే తూకం గుండు దారంతో, మట్టంతో అడుగడుక్కీ కొలిచి రాసుకోవాలి. నమూనా పీఠం మీద ఒక కాగితం అతికించాలి. ఏ కొలత ఎడ్యిది, ఏ వంపు పారిస్ గీసింది, ఏది తాళ్లరేవు మేస్త్రీ చెప్పింది, ఏది మనం ఊహించి పెట్టింది అన్నవి వేరువేరు రంగుల్లో గుర్తించి రాయాలి. తర్వాత కట్టేవాడు మన ఊహను సరిదిద్దుకోవడానికి ఆ నాలుగో రంగు కావాలి.